పారిస్ నుంచి రోమ్‌కి ఆరుగురు: కారు ఎక్కడ తీసుకున్నాం, ఎక్కడ వద్దన్నాం

2024 జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఈ క్లయింటు మా ట్రావెల్ ఆఫీసుకి వచ్చేసరికే రూటు గీసేసుకుని ఉన్నారు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి నా బల్ల మీద పెట్టారు. పారిస్‌లో దిగుతారు. ఎయిర్‌పోర్టులోనే కారు తీసుకుంటారు. స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్, ఇటలీలో ఫ్లోరెన్స్ చూసుకుని, రోమ్‌లో కారు అప్పగించి విమానం ఎక్కుతారు.

"మొత్తం కలిపి 1,500 కిలోమీటర్లు మేడమ్. మన హైదరాబాద్ నుంచి ఢిల్లీ అంత. లేహ్ దాకా నడిపినవాణ్ణి, ఇదో లెక్కా?"

దూరం లెక్క తప్పేమీ కాదు. పారిస్ నుంచి ఇంటర్లాకెన్ 600 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడి నుంచి మిలాన్ మీదుగా ఫ్లోరెన్స్ ఇంచుమించు అంతే. ఫ్లోరెన్స్ నుంచి రోమ్ 280. ఆయన డ్రైవింగ్ మీద కూడా నాకు అనుమానం లేదు. నా అనుమానమల్లా కారు గురించే. ఆ 14 రాత్రుల్లో అది చేసే పనేంటి?

వెళ్ళేది ఆరుగురు. ఆయన, భార్య, 11 ఏళ్ళ పాప, 5 ఏళ్ళ బాబు, తెనాలి నుంచి వచ్చే అమ్మానాన్నలు. పెద్దాయనకి 69, రెండేళ్ళ క్రితం కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నడుస్తారు గానీ మెట్లంటే భయం. పెద్దావిడ గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఇద్దరికీ విదేశీ ప్రయాణం ఇదే మొదటిసారి. కారెందుకని అడిగితే నాన్న మోకాలు, సామాను, మన ఇష్టం వచ్చిన చోట ఆగొచ్చు అన్నారు. మూడూ నిజమైన కారణాలే కాబట్టి అప్పటికప్పుడు కాదనలేదు.

ఇలాంటి కేసుల్లో నేను ముందు ధరలు చూడను. తెల్లకాగితం తీసుకుని రోజుకో వరస రాస్తాను. పక్కన ఆ రోజు కారు ఎన్ని గంటలు కదులుతుంది, ఎన్ని గంటలు నిలబడుతుంది అని రెండు అంకెలు వేస్తాను. ఈసారి పెన్ను ఆయన చేతికే ఇచ్చాను. పారిస్ నాలుగు రోజులు. ఈఫిల్ టవర్‌కి కారులో వెళ్తారా అంటే ఆయనే నవ్వి సున్నా వేశారు. వెర్సాయ్‌కి ఊళ్ళోంచే రైలుంది, మళ్ళీ సున్నా. ఇంటర్లాకెన్ దగ్గర ఆలోచనలో పడ్డారు. అక్కడ అందరూ చూసే వెంగెన్, మ్యూరెన్ ఊళ్ళకి కారు వెళ్ళదు. కింద లౌటర్‌బ్రునెన్‌లో కారు ఆపేసి పళ్ళచక్రాల రైలో కేబుల్ కారో ఎక్కాలి. యుంగ్‌ఫ్రౌయోక్ అనేదే 3,454 మీటర్ల ఎత్తున ఉన్న రైల్వే స్టేషను. ఫ్లోరెన్స్, రోమ్ నడిచి చూసే ఊళ్ళు. అంతా కూడితే కారు కదిలేది నాలుగు రోజులు. అందులో మూడు ఊరు మారే రోజులు, నాలుగోది ఫ్లోరెన్స్ నుంచి టస్కనీ పల్లెల్లోకి ఒక రోజు తిరుగుదామని ఆయన పెట్టుకున్నది. మిగిలిన పది రోజులూ దానికి అద్దె కడుతూ, పార్కింగ్ కడుతూ, మనమే దానికి కాపలా.

"మరి ఆ కొండదారులు?" అన్నారు. అసలు ఆశ అక్కడుందని అప్పుడు అర్థమైంది. ఫుర్కా పాస్ వంపుల మీద ఎవరో తీసిన వీడియో చూపించారు. ఆ దారి 2,429 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. చలికాలమంతా మంచు కప్పేసి మూసే ఉంటుంది, తెరిచేసరికి మామూలుగా జూన్ అవుతుంది. పక్కనున్న గ్రిమ్సెల్, సుస్టెన్ కూడా అంతే. పిల్లల సెలవుల్ని బట్టి వీళ్ళ ప్రయాణం మే 6 నుంచి 20. ఆ రోజుల్లో ఇటలీ వైపు కారులో దాటాలంటే మామూలుగా అందరూ పోయేది గోట్‌హార్డ్ సొరంగంలోంచే. 17 కిలోమీటర్ల పొడవునా కొండలేమీ కనిపించవు, ముందున్న లారీ వెనక లైటు తప్ప. సెలవు వారాంతాల్లో ఆ సొరంగం ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూ. నేనిది చెప్తుంటే ఆయన వీడియో ఆపేసి ఫోను బోర్లించారు. జులైలో వెళ్ళేవాళ్ళయితే ఆ ఒక్క దారి కోసమే స్విట్జర్లాండ్‌లో రెండు రోజులు కారు తీసుకోమని నేనే చెప్పేదాన్ని.

తర్వాత సామాను. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెరమీద ఏడు సీట్ల కారు చూసి, ఆరుగురమే కదా, ఇంకో సీటు మిగులుతుంది కూడా అనుకుంటారు. మూడో వరస సీట్లు లేపితే వెనక రెండు క్యాబిన్ బ్యాగుల చోటు కూడా సరిగా మిగలదు. ఈ మాట నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, అందుకని పరీక్ష పెట్టాను. ఆదివారం వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్కింటివాళ్ళ ఏడు సీట్ల బండి తీసుకుని, ఆరు పెద్ద సూట్‌కేసులు ఎక్కించి చూడమన్నాను. మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. డిక్కీలో ఒక సూట్‌కేసు అడ్డంగా ఇరికింది, తలుపు సగమే పడింది. ఐదు సూట్‌కేసులు నేల మీద వరసగా ఉన్నాయి, చివరిదాని మీద బాబు కూర్చుని ఉన్నాడు. కింద ఆయన ఒక్క ముక్క రాశారు: "తొమ్మిది సీట్ల వ్యాను చూడండి."

చూశాను. మామూలు కారు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల దాకా నడపొచ్చు, అందులో ఇబ్బంది లేదు. కానీ ఆ సైజులో దొరికేవి ఎక్కువగా మాన్యువల్. ఆయన ఆరేళ్ళుగా నడిపేది ఆటోమేటిక్. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేత్తో వెయ్యాలి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, రోడ్డుకి కుడిపక్కన, అలవాటు లేని చేత్తో గేర్లు వేస్తూ, పారిస్ రింగు రోడ్డు మీద! పైగా వ్యాను ఎత్తు రెండు మీటర్ల దాకా ఉంటుంది. ఊళ్ళలోని పాత భూగర్భ పార్కింగుల్లో చాలావాటికి 1.90 మీటర్ల దగ్గరే అడ్డకమ్మీ ఉంటుంది. భార్యకీ లైసెన్సు ఉంది కాబట్టి రెండు చిన్న కార్లు తీసుకుందామా అన్న మాట కూడా వచ్చింది. అది ఆవిడే కొట్టేశారు. "సెలవుకి వెళ్ళి ఆయన వెనకాల కాన్వాయ్ నడపమంటారా?" అన్నారు.

ఇప్పుడు డబ్బు. ఫిబ్రవరి మొదటి వారంలో ఒకే రోజు తీసిన ధరలివి, మరో రోజు తీస్తే మరోలా ఉండేవి. వ్యానుకి 14 రోజుల అద్దె 1,900 యూరోలు. ఫ్రాన్స్‌లో తీసుకుని ఇటలీలో వదిలిపెట్టినందుకు డ్రాప్ ఛార్జీ 800. డీజిల్, టోల్‌గేట్లు, స్విస్ హైవేలకి ఏడాది స్టిక్కరు 40 ఫ్రాంకులు, పార్కింగ్‌లు అన్నీ కలిపి ఇంకో 900 వేసుకున్నాం. మొత్తం 3,600. రెండో వైపు పారిస్ నుంచి స్విస్ సరిహద్దు ఊరు బాసెల్‌కి రైలు ఆరుగురికి 430, నలుగురు పెద్దలకి నాలుగు రోజుల స్విస్ ట్రావెల్ పాసులు దాదాపు 1,200 ఫ్రాంకులు, పాపకి ఫ్యామిలీ కార్డు మీద ఉచితం, బాబు ఆరేళ్ళ లోపు కాబట్టి వాడికీ ఉచితం. ఇంటర్లాకెన్ దగ్గరి స్పీట్స్ నుంచి ఫ్లోరెన్స్ 380, ఫ్లోరెన్స్ నుంచి రోమ్ 200, టస్కనీలో మూడు రోజుల కారు (ఎందుకో తర్వాత చెప్తాను) డీజిల్‌తో సహా 420, స్టేషన్ల దగ్గర టాక్సీలకి 250. మొత్తం 2,900 దగ్గర తేలింది.

తేడా 700 యూరోలు, అంటే అప్పటి లెక్కలో 63,000 రూపాయలు. ఆరుగురి ట్రిప్ ఖర్చులో అదేమంత పెద్ద మొత్తం కాదని క్లయింట్‌కి నేనే చెప్పాను. స్విస్ పాసులో సరస్సు పడవలు, కొన్ని కొండ రైళ్ళు కలిసే ఉంటాయి. కారు లెక్కలో వాటి టికెట్లు నేను వెయ్యలేదు, వేస్తే తేడా ఇంకా పెరిగేది. అయినా అచ్చంగా డబ్బు చూసి రైలే ఎక్కాలనడం తప్పు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, రెండు సూట్‌కేసులు, ఒకే దేశంలో తీసుకుని అదే ఊళ్ళో తిరిగిచ్చే చిన్న కారు అయితే లెక్క తిరగబడుతుంది. ఆరు రైలు టికెట్లంటే మాటలు కాదు. ఈ కేసులో కారుని ఓడించింది దేశం దాటినందుకు పడే డ్రాప్ ఛార్జీ, వ్యాను సైజు, ఖాళీగా నిలబడే పది రోజులు.

ఆయన మొదటి కారణం మాత్రం ఇంకా అలాగే ఉంది, నాన్న మోకాలు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టు లేదు, మెట్లే మెట్లు. అందుకని పారిస్‌లో సిటీ బస్సులు, అవసరమైతే టాక్సీ అని రాశాను. కానీ కారు ఉంటే మోకాలికి విశ్రాంతి అన్నది ఇటలీ పాత ఊళ్ళలో పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే జెడ్‌టీఎల్ గురించి చెప్పాలి.

జోనా త్రాఫికో లిమితాతో. ఊరి పాత భాగంలోకి స్థానికులు, అనుమతి ఉన్నవాళ్ళు, టాక్సీలు తప్ప వేరే బళ్ళు పోకూడని ప్రాంతం. గేటు ఉండదు, పోలీసు ఉండడు. తెల్లటి బోర్డు మీద ఎర్రటి సున్నా, పైన కెమెరా. అప్పటి రూలు ప్రకారం దాటిన ప్రతిసారీ ఒక జరిమానా. మనం రోడ్డు తప్పి నాలుగుసార్లు చుట్టూ తిరిగితే నాలుగు పడేవి. బండి నంబరు అద్దె కంపెనీదే కాబట్టి నగరపాలక సంస్థ వాళ్ళని అడుగుతుంది, వాళ్ళు మన వివరాలు ఇచ్చి, ఇచ్చినందుకు మన కార్డు మీద ఒక సేవా రుసుము కొడతారు. తర్వాత ఎప్పుడో అసలు నోటీసు ఇంటికొస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళకి పంపడానికి చట్టం 360 రోజుల గడువిస్తుంది. ట్రిప్ ఫొటోలు మర్చిపోయాక, ఇటాలియన్‌లో రాసిన కవరు తలుపు తడుతుంది. ఫ్లోరెన్స్‌లో హోటళ్ళు చాలా వరకు ఈ ప్రాంతం లోపలే. కాబట్టి సొంత కారున్నవాళ్ళు బయటెక్కడో ఆపి నడవాలి, లేదా హోటల్‌తో ముందే మాట్లాడి నంబరు నమోదు చేయించుకోవాలి. టాక్సీ అయితే నేరుగా గుమ్మం దాకా వస్తుంది. మోకాలి బాధ ఉన్న మనిషికి ఏది నయం?

ఇక్కడ ఆయన ఒప్పుకున్నారు. అయితే టస్కనీ దగ్గర నేను ఉల్టా వాదించాల్సి వచ్చింది. ఒక రోజు కాదు, రెండు రాత్రులు ఉండండి, కారు తీసుకోండి అన్నాను. సియెనా కిందికి వాల్ దోర్చా అనే లోయ ఉంది, 2004లో యునెస్కో జాబితాలో చేరింది. పియెంజా ఊరికి రైలే లేదు. మోంతెపుల్చానో స్టేషను పేరుకి ఉంది గానీ ఊరు పైన కొండ మీద, స్టేషను కింద మైళ్ళ అవతల. బస్సులు తక్కువ. అక్కడ కారు లేని ఆరుగురు బస్టాండులో కూర్చున్నట్టే. పొలాల మధ్య వంటగది ఉన్న ఇల్లు అద్దెకి దొరుకుతుంది, ఆగ్రితురిస్మో అంటారు. పెద్దావిడకి పది రోజుల బ్రెడ్డు తర్వాత పప్పన్నం పడుతుంది. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఓట్లన్నీ నా వైపొచ్చేశాయి.

రాత్రులు మార్చడానికి ఇంకో కారణం వీసా. ఆయన మొదట రాసుకున్నది పారిస్ 4, స్విస్ 5, ఇటలీ 5. ఈ మూడు దేశాలకీ కలిపి ఒకటే వీసా, షెంగెన్ అంటారు; అది ఎక్కువ రోజులుండే దేశం నుంచి తీసుకోవాలి. మనవాళ్ళు చాలామంది దిగే దేశమే అనుకుంటారు. స్విస్, ఇటలీ సమానమైతే కౌంటర్‌లో నిలబడి వివరించుకోవాలి. స్విస్ నాలుగుకి తగ్గించి ఇటలీ ఆరు చేస్తే ఇటలీయే, మాట్లాడే పని లేదు. ఫ్లోరెన్స్ 2, టస్కనీ 2, రోమ్ 2.

స్విస్ పాసు విషయంలో రాత్రులకీ రోజులకీ తేడా చూసుకోవాలి. నాలుగు రాత్రులంటే ఐదు రోజులు. ఆరు రోజుల పాసు తీసుకుంటే దండగ. అందుకని బాసెల్‌లో దిగిన రోజు నుంచి నాలుగు రోజుల పాసు మొదలుపెట్టి, వెళ్ళిపోయే ఐదో రోజుకి ఇటలీ దాకా టికెట్ విడిగా కొన్నాం. పారిస్ రైలు మాత్రం వీసా రాకముందే కొన్నాను, రద్దు చేసుకునే వీలున్న టికెట్. మామూలుగా నేనలా చెయ్యను. ఆ ఏడాది మే 8 విజయదినం, 9న ఏసు ఆరోహణ పండుగ, రెండూ ఫ్రాన్స్‌లో సెలవులే. 10వ తేదీ శుక్రవారం. ఇలాంటప్పుడు మధ్యలో మిగిలిన పనిరోజుకి కూడా సెలవు పెట్టేసి దాన్ని 'పోన్', అంటే వంతెన అంటారు. మన సంక్రాంతి లాంటి రద్దీ. వీళ్ళు పారిస్ వదిలేది సరిగ్గా ఆ 10నే.

కారు కాగితాల దగ్గర రెండు చిక్కులొచ్చాయి. ఒకటి మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. లైసెన్సు మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, విడి గడిలో. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి అవి ఇద్దరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. ఎలాగూ ఇటలీలో మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఆర్టీఏలో వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది చెల్లుతుంది. ముందు లైసెన్సులో పేరు సరిచేయించి, తర్వాత పర్మిట్‌కి పెట్టించాను. మూడు వారాలు అక్కడే పోయాయి. రెండోది డిపాజిట్. ఆయన డబ్బంతా ఫారెక్స్ కార్డులో వేసుకుని సిద్ధంగా ఉన్నారు. అద్దె కౌంటర్లలో డిపాజిట్‌కి ప్రీపెయిడ్ కార్డు సాధారణంగా తీసుకోరు. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు కావాలి, దానిలో విదేశీ వాడకం ఆన్ చేసి ఉండాలి, లిమిట్ ఖాళీగా ఉండాలి. ఆయన వాడేది భార్య ఖాతా మీద యాడ్-ఆన్ కార్డు. కొత్త కార్డు తీయించాం. పిల్లల సీట్లు కూడా ముందే చెప్పాలి. ఇటలీలో ఒకటిన్నర మీటరు ఎత్తు లోపు పిల్లలందరికీ ఉండాల్సిందే కాబట్టి 142 సెంటీమీటర్ల పాపకి కూడా బూస్టర్ వచ్చింది. ఆ అవమానం ఆ పిల్ల ఇంకా మర్చిపోలేదట.

నా వైపు పొరపాటు ఒకటి జరిగింది. మొదటి ప్లానులో కారు ఫ్లోరెన్స్‌లో తీసుకుని, రోమ్ దారిలో ఉన్న ఓర్వియేతో అనే చిన్న ఊళ్ళో వదిలి, అక్కడి నుంచి రోమ్‌కి లోకల్ రైలు అని రాశాను. అందమైన ప్లాను, కాగితం మీద. వదిలే రోజు మే 18, శనివారం మధ్యాహ్నం. చిన్న ఊళ్ళలో అద్దె ఆఫీసులు భోజనానికి మూసేస్తారు, శనివారం మధ్యాహ్నం తర్వాత తెరవకపోవచ్చు. ప్రయాణానికి మూడు వారాల ముందు వేళలు మళ్ళీ చూస్తుంటే తగిలింది. అంతా మార్చి, ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టులో తీసుకుని అక్కడే తిరిగిచ్చేలా చేశాను. అలా మార్చాక సామాను చిక్కు కూడా దానంతటదే విడిపోయింది. పెద్ద సూట్‌కేసులు ఫ్లోరెన్స్ హోటల్లోనే వదిలి, రెండు రాత్రులకి చేతి సంచులతో వెళ్ళొచ్చు. అప్పుడు వ్యాను అక్కర్లేదు, ఏడు సీట్ల ఆటోమేటిక్ చాలు. దీన్ని ముందే ఎందుకు ఆలోచించలేదని ఆయన అడగలేదు గానీ నేను అడుక్కున్నాను.

ఆరు సూట్‌కేసుల్ని నాలుగు చేయించడానికి ఇంకో గంట పట్టింది. పెద్దావిడ ఐదు లీటర్ల కుక్కరు వదలనన్నారు. మూడు లీటర్లకి దిగొచ్చారు.

మే 10న బాసెల్‌లో వాళ్ళ రైలు ఆలస్యంగా చేరింది, ఇంటర్లాకెన్ వెళ్ళే బండి తప్పిపోయింది. టెన్షన్‌తో ఫోను. పాసు మీద ఫలానా బండే ఎక్కాలని లేదు, తర్వాత వచ్చేది ఎక్కండి అన్నాను. అరగంటకి ఎక్కారు. కోడలుగారు ఆ అరగంటలో పెద్దాయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లల్తో ప్లాట్‌ఫారం అంతా తిరిగారట. యుంగ్‌ఫ్రౌయోక్‌కి పెద్దవాళ్ళని పంపలేదు. ఆ ఎత్తుకి వాళ్ళ డాక్టరు వద్దన్నారు. ఆ రోజు వాళ్ళిద్దరూ బ్రియెంజ్ సరస్సులో పాసు మీదే పడవ ఎక్కి అటూ ఇటూ రెండుసార్లు తిరిగారు. ట్రిప్ మొత్తంలో పెద్దాయన ఎక్కువగా చెప్పుకునేది ఆ పడవ గురించే. మూడో రోజు వాన పడి ఊళ్ళో కూర్చున్నప్పుడు మాత్రం, "ఇవాళ కారుంటే బావుండేది మేడమ్" అని మెసేజ్ వచ్చింది. నిజమే. ఇంటర్లాకెన్‌లో ఒక్క రోజుకి కారు తీసుకోవడం గురించి నేను అసలు ఆలోచించలేదు.

టస్కనీలో ఆయన అడిగిన స్వేచ్ఛ దొరికింది. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి టోల్ లేని నాలుగు వరసల రోడ్డు, అక్కడ దాటాక సన్న రోడ్లు, ఆఖరి మూడు కిలోమీటర్లు తెల్ల కంకర దారి. నేను రాసిచ్చిన కాగితం పాప చేతిలో ఉంది, ఆ పిల్లే నావిగేటరు. నీలం గీతల పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, తెల్ల గీతలు ఉచితం, పసుపు మనవి కావు అని చదివి వినిపించేదట. రెండో రోజు మధ్యాహ్నం బంకులో మనిషి లేడు, భోజనానికి వెళ్ళిపోయాడు. మెషీన్‌లో ముందు కార్డు పెట్టి, పిన్ కొట్టి, పంపు నంబరు నొక్కాలి. ఒక గొట్టం మీద 'బెంజీనా', ఇంకోదాని మీద 'గజోలియో'. గజోలియో అంటే గ్యాసొలిన్, అంటే పెట్రోలేగా అని ఆయన అనుమానపడి బెంజీనా వైపు చెయ్యి పెట్టబోయారు. "నాన్నా, గజోలియోనే డీజిల్. మేడమ్ రెండుసార్లు గీత కొట్టారు చూడు" అంది పాప. డీజిల్ బండిలో పెట్రోలు పడితే బీమా కూడా ఆదుకోదు. ఆ సాయంత్రం పొలం ఇంటి ఓనరమ్మ చేత్తో పాముతూ పిచి అనే లావు పాస్తా చేసి చూపించింది, గుడ్డు లేకుండా, పిండీ నీళ్ళతో. పెద్దావిడ చూసి, "ఇవి మన తాలికలేనే" అని పక్కన కూర్చుని తనూ పామారు. ఆ వీడియో నాకు పంపారు. వినాయక చవితినాటి వేగంతో పాముతున్నారు, ఓనరమ్మ ఆపి చూస్తోంది.

మే 18, శనివారం. ఇక్కడ సాయంత్రం నాలుగున్నర, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ప్లాను ప్రకారం నేరుగా ఎయిర్‌పోర్టుకెళ్ళి కారు అప్పగించి, టాక్సీలో హోటల్‌కొచ్చి సూట్‌కేసులు తీసుకుని రైలెక్కాలి. వాన పడుతోంది. పెద్దాయనకి మోకాలు పట్టేసింది. ముందు అమ్మానాన్నల్ని హోటల్ దగ్గర దింపేద్దాం, రెండు నిమిషాల పని అనుకున్నారాయన. నాకు ఫోను మోగేసరికి వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"మేడమ్, ముందు బోర్డు మీద లైట్లతో 'వార్కో ఆత్తీవో' అని ఉంది. యాక్టివ్ అనేగా? దారి తెరిచినట్టేగా?"

వార్కో అంటే కెమెరా ఉన్న ద్వారం. అది ఆత్తీవో అంటే కెమెరా పనిచేస్తోందని, మనం పోకూడదని. పోవచ్చంటే 'నోన్ ఆత్తీవో' అని ఉండాలి. ఫ్లోరెన్స్‌లో శనివారం పగలు నాలుగింటి దాకా అది పనిచేస్తుంది. "వద్దు, దాటొద్దు, పక్కకి తిరగండి" అన్నాను. తిరిగారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కారు అప్పగించే ముందు నాలుగు మూలలూ, చక్రాల రిమ్ములూ, డీజిల్ ముల్లూ వీడియో తీశారు. నాలుగింటి రైలు అందుకున్నారు.

నవంబర్‌లో ఆయన కార్డు మీద అద్దె కంపెనీ సేవా రుసుము పడింది. 2025 ఫిబ్రవరిలో కవరు వచ్చింది. జెడ్‌టీఎల్ జరిమానా కాదది. హడావిడిలో పక్కకి తిరిగిన ఆ వీధి బస్సుల లేను, దానికీ కెమెరా ఉంది. 83 యూరోలు, పైన నోటీసు పంపిన ఖర్చులు. అందిన ఐదు రోజుల్లో కడితే జరిమానాలో 30 శాతం తగ్గింపు ఉంటుంది. ఆయన ఆరోజే ఆన్‌లైన్‌లో కట్టేసి రశీదు నాకు పంపారు, ఒక నవ్వు బొమ్మతో.

కారు హోటల్‌కి తేవద్దని నేను రాశాను. 19 పేజీల పీడీఎఫ్‌లో పదకొండో పేజీలో. వానలో, వెనక హారన్ల మధ్య పదకొండో పేజీ ఎవరు తెరుస్తారు? ఇప్పుడు ఇటలీలో కారు తీసుకునే ప్రతివాళ్ళకీ పోస్టుకార్డు సైజు అట్టముక్క ఒకటి ఇస్తున్నాను, స్టీరింగ్ పక్కన పెట్టుకోమని. మూడే మాటలు, పెద్ద అక్షరాల్లో. ఆత్తీవో అంటే ఆగు. గజోలియో అంటే డీజిల్. కారు ఇచ్చేశాకే హోటల్. వెనకవైపు ఖాళీగా ఉండేది. మొన్న ఆయన వచ్చి, వచ్చే జులైలో ఫుర్కా పాస్ కోసం నలుగురే వెళ్తామని చెప్పి, ఆ అట్ట వెనక తనే పెన్నుతో ఇంకోటి రాశారు: "పక్కకి తిరిగే ముందు బస్సు గీతలు చూడు."